పలక కాల్, పెట్టె కాల్, నోటి కాల్: పర్లాకిమిడి టర్కీల ముందు వాయించి చూశాక

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తున్నా. కాల్ అంటే టర్కీ కోడి కూతని పలికించే చేతి పరికరం, అమెరికాలో వేటగాళ్లు అడవి టర్కీ పుంజుని రప్పించడానికి వాడతారు. టర్కీ పెట్ట కూత అచ్చంగా పలికించడం నేర్చుకోవాలంటే మొదట పలక రకం కొనండి, అంటే అరచేతిలో ఇమిడే గుండ్రటి గిన్నె మీద పలక బిగించి పుల్లతో గీసే పాట్ కాల్. పెట్టె రకం దాని తర్వాత. నోట్లో పెట్టుకునే రకం అన్నిటికన్నా చివర, అదీ అంగిలికి ఏదైనా తగిలితే ఓకరింత వచ్చే మనిషి కాకపోతేనే. మూడూ నా దగ్గర ఎండాకాలం, వానాకాలం రెండూ చూశాయి, కాబట్టి పార్సిల్ విప్పిన రోజే రాసిపడేసిన రివ్యూ కాదిది.

మాది పర్లాకిమిడి. ఊరి బయట, పాతపట్నం వైపు మా తోట, అందులో నాటుకోళ్లు, వాటికి దూరంగా వేరే కంచెలో టర్కీలు (రెండిటినీ కలిపి పెంచకండి, కోళ్ల నుంచి టర్కీలకు బ్లాక్‌హెడ్ జబ్బు అంటుకుంటుంది, అది వచ్చిందంటే మంద మిగలదు). మా పిన్ని కొడుకు మిస్సోరీలో ఉద్యోగం చేస్తాడు. అక్కడ ఏప్రిల్‌లో వసంతకాలపు టర్కీ వేట సీజన్ మొదలవుతుంది, లైసెన్సు తీసుకుని ఆఫీసు స్నేహితులతో వెళ్తాడు. ఇంట్లో పెళ్లికి వచ్చినప్పుడు ఈ మూడూ సూట్‌కేసులో పట్టుకొచ్చి, "అన్నయ్యా, నాకు అక్కడ సీజన్‌లో తప్ప టర్కీ గొంతు వినపడదు, నీకు పొద్దున లేస్తే అవే కదా, వీటి కిటుకేంటో కనిపెట్టి చెప్పు" అని నా చేతిలో పెట్టాడు. అప్పటినుంచి నాకు ఇదే పిచ్చి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. పెంపుడు టర్కీ వేరు, అడవి టర్కీ వేరు. మనం మేత వేసే పక్షి డబ్బా చప్పుడుకే పరిగెత్తుకొస్తుంది, అడవిది ఆకు కదిలితే మాయమవుతుంది, దాని చూపు అంత చురుకు. కానీ కూతల వరస రెండిటికీ ఒకటే. అందుకని అవి నా దగ్గరికి వచ్చాయా లేదా అన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు. కంచెకి దూరంగా, గోడ చాటున, వాటికి కనపడకుండా కూర్చుని వాయించాను. నిజం పెట్ట కూసినప్పుడు మంద ఏం చేస్తుందో, నేను వాయించినప్పుడూ అదే చేస్తోందా అన్నదే నా పరీక్ష.

అసలు సంగతి ఏంటంటే, చాలామంది ఈ పరికరాలు కొని "సౌండ్ కరెక్ట్‌గా రావట్లేదు" అని బాధపడతారు, స్వరం గురించే టెన్షన్ పడతారు. స్వరం అంత ముఖ్యం కాదు. మా మందలోనే ఒక పెట్ట గొంతు తుప్పు పట్టిన గేటులా ఉంటుంది, అయినా పుంజులు దానికీ జవాబిస్తాయి. నిజంగా ఉన్నట్టు అనిపించేది లయ వల్ల. ఎన్ని కూతలు, వాటి మధ్య ఎంత ఎడం, ఎక్కడ ఊపు అందుకుంది, ఎక్కడ ఆపింది, ఆపాక ఎంతసేపు ఊరుకుంది. ఇది పట్టుకుంటే చవక పరికరమూ పనిచేస్తుంది, పట్టుకోకపోతే వంద డాలర్లది కూడా బొమ్మే.

పెట్ట మామూలు పిలుపుని యెల్ప్ అంటారు. ఒక్కో యెల్ప్‌లో రెండు భాగాలుంటాయి, ముందు సన్నగా పైకి లేచే నాదం, వెంటనే అది విరిగి కిందకి జారే బొంగురు. కీ-యక్, కీ-యక్, కీ-యక్, ఇలా నాలుగో అయిదో ఆరో వరసగా వస్తాయి. వరస మొదట్లో కాస్త మెల్లగా, మధ్యలో గట్టిగా, చివర దిగిపోతూ. ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. నేర్చుకునేవాళ్లు దీన్ని గడియారం కొట్టినట్టు సమానంగా వాయిస్తారు, అక్కడే దొరికిపోతారు. ఇక క్లక్ అనేది పొట్టిగా ఒకే దెబ్బ, టక్, కాసేపాగి ఇంకోటి, 'నేనిక్కడున్నా, నువ్వెక్కడ' అన్నట్టు. పర్ అంటే మేస్తూ తనలో తాను గొణుక్కునే సన్నటి గురగుర. కటింగ్ అంటే ఆవేశంలో ఎడాపెడా కొట్టే క్లక్కులు. తల్లి నుంచి తప్పిపోయిన పిల్ల కీ-కీ-కీ అని సన్నగా ఏడుస్తుంది, అక్కడ శరదృతువు సీజన్‌లో దాన్నే వాడతారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది క్లక్‌కీ పట్‌కీ తేడా. పట్ అంటే ప్రమాదం. క్లక్‌నే కొంచెం ఎక్కువ బిగించి, ఎక్కువ గట్టిగా కొడితే అది పట్ అయిపోతుంది. మంద ముందు ఇది కళ్లకు కట్టినట్టు కనపడుతుంది: మెత్తగా క్లక్ కొడితే ఒకటో రెండో తలెత్తి చూసి మళ్లీ మేతలో పడతాయి, అదే బిగించి కొడితే అన్ని మెడలూ ఒక్కసారి నిటారుగా లేచి, ఒంటికాలు ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోతుంది. మా తోటలో పనిచేసే తాత వెనకనుంచి వింటూ, "పెట్ట అంత గట్టిగా అనదు బాబూ, కుక్కొస్తే తప్ప" అన్నాడు. ఆయన ఏ వీడియో చూడలేదు, ఏళ్ల తరబడి మందతో ఉన్నాడు, అంతే. అడవిలో ఆ ఒక్క చప్పుడుతో ఆ పొద్దుటి వేట అయిపోయినట్టే.

ఇప్పుడు పాట్ కాల్. కింద చెక్క గిన్నె, దానికి అడుగున రంధ్రాలు, లోపల ధ్వని కోసం ఇంకో పలక, పైన గీసే రాతి పలక, పక్కన స్ట్రైకర్ అనే పుల్ల. చిన్నప్పుడు పలక మీద బలపం కిర్రుమనిపించి మాస్టారితో తిట్లు తిన్న తరం మనది, కాబట్టి పట్టు త్వరగానే వస్తుంది. గిన్నెని అరచేతిలో ఆనించి పట్టుకోకూడదు, వేళ్ల కొసలతో అంచు పట్టి అరచెయ్యికీ రంధ్రాలకీ మధ్య ఖాళీ ఉంచాలి, లేకపోతే శబ్దం పూడుకుపోతుంది. పుల్లని బలపంలా పట్టుకుని, పైకొస గిన్నె మధ్యకి వాలేట్టు వంచి, అంచుకి ఒక అంగుళం లోపల చిన్న కోడిగుడ్డు ఆకారం గీయాలి. ఆ గీతలో మొదటి సగం కీ, రెండో సగం యక్. కూతకీ కూతకీ మధ్య పుల్ల పలక మీదనుంచి లేవకూడదు, ఈ ఒక్కటి అలవాటైతే సగం విద్య వచ్చినట్టే. అంచుకి దగ్గరగా గీస్తే స్వరం పెరుగుతుంది, మధ్యకి జరిపితే తగ్గి బొంగురు పోతుంది. అంటే ఒకే పలక మీద చోటు మార్చి రెండు పెట్టలు మాట్లాడుకుంటున్నట్టు వినిపించవచ్చు, పెట్టె రకంలో ఇది ఇంత సులువు కాదు.

క్లక్‌కి పుల్లని ఒక్కసారి నీ వైపు చిటుక్కున లాగాలి. పర్‌కి అసలు బరువు వేయకుండా, చాలా నిదానంగా, పుల్ల తనంతట తాను పలక మీద తడబడుతూ పోయేట్టు ఈడ్చాలి. పర్ నాకు అన్నిటికన్నా ఇష్టం. సాయంత్రం మేత అయ్యాక మెల్లగా పర్ వాయిస్తూ రెండో చేత్తో ఎండుటాకులు కెలికితే, కంచె అవతల పెట్టలు తలెత్తకుండానే గురగురమని కలుస్తాయి. తలెత్తకపోవడమే దానికి వచ్చిన మార్కులు.

పలకకి సేవ కావాలి. గీయగా గీయగా నున్నబడిపోతుంది, అప్పుడు పుల్ల జారుతుంది, కీచుమంటుంది. అమెరికాలో దీనికి ప్రత్యేకంగా ముక్కలు అమ్ముతారుగానీ గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు చాలు, కొత్తది, సబ్బు తగలనిది. ఎప్పుడూ ఒకే దిశలో రుద్ది, ఆ గీతలకి అడ్డంగా వాయించాలి. పుల్ల కొసని సాండ్‌పేపర్‌తో గరుకు చేయాలి. వేలితో పలక ముట్టుకోకండి, తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తో అసలే వద్దు, జిడ్డు తగిలిందంటే ఆ చోట మూగబోతుంది.

పుల్లల విషయంలో మన ఊళ్లకి ఒక సదుపాయం ఉంది. మంచి పుల్ల అక్కడ విడిగా కొనాలంటే బాగానే పెట్టాలి. మన దగ్గర లేతు మీద చెక్క తిప్పే పనివాళ్లున్నారు, నమూనా చూపిస్తే చేసిపెడతారు. టేకుతో ఒకటి, నల్లతుమ్మతో ఒకటి, జిట్రేగితో ఒకటి చేయించాను. చెక్క గట్టిదైనకొద్దీ స్వరం పదునెక్కుతుంది, మెత్తదైతే శబ్దం మెత్తబడుతుంది. నల్లతుమ్మ పుల్ల కటింగ్‌కి బ్రహ్మాండం, టేకు పుల్ల పర్‌కి. పాట్ కాల్‌తోపాటు వచ్చిన పుల్ల ఇప్పుడు డబ్బాలోనే పడుంది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు కదా, కొమ్ము కొస అతికించిన పుల్ల కూడా ఒకటి చేయించాలని ఉంది.

పెట్టె కాల్. పొడుగాటి పల్చటి చెక్క పెట్టె, పైన తెడ్డులాంటి మూత ఒక స్క్రూ మీద తిరుగుతుంది, మూత అడుగుభాగం పెట్టె గోడల అంచుకి రాసుకుంటే కూత. ఈ రూపానికి అర్కన్సా రాష్ట్రం డార్డనెల్ ఊరికి చెందిన హెన్రీ గిబ్సన్ 1897లో పేటెంటు తీసుకున్నాడు, ఇప్పటికీ పెద్దగా మారలేదు. మొదటిరోజే ఎవరైనా యెల్ప్ రప్పించగలరు, మా పక్కింటి పిల్లలు కూడా. శబ్దం చాలా దూరం పోతుంది, గాలి వీచే రోజు పలకకన్నా ఇదే మేలు. మూత ఎత్తి కొట్టకూడదు, ఆనించే ఉంచి జరపాలి. మూత కింద రాసే చాక్‌లో నూనె, మైనం ఉండకూడదు, టైలర్ల చాక్ పొరపాటున కూడా రాయకండి. స్క్రూ జోలికి పోవద్దు, స్వరం దానిమీదే నిలబడి ఉంటుంది.

దాని లోపం మాత్రం మన వాతావరణంలోనే బయటపడుతుంది. ఇక్కడ జూన్ దాటిందంటే మహేంద్రగిరి వైపునుంచి మబ్బు దిగి, గోడలే చెమర్చుతాయి. చెక్క తేమ పీల్చుకుని, చాక్ ముద్దయి, పెట్టె 'ఫ్స్' అనడం తప్ప ఏమీ అనదు. బియ్యం డబ్బాలో పెట్టాను, సిలికా జెల్ పొట్లాలు వేశాను, కొంత నయం, అంతే. ఆరాక మళ్లీ పలికింది కానీ మూత కొద్దిగా వంపు తిరిగి ఒక పక్క స్వరం మారిపోయింది. రాతి పలక కూడా తడిస్తే పనిచేయదు, కాకపోతే గుడ్డతో తుడిచి ఆరబెడితే గంటలో మామూలవుతుంది. పెట్టె అలా కాదు. కోస్తా, ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లు పెట్టె కొంటే సెప్టెంబరుదాకా మూటగట్టి పెట్టుకోవాల్సిందే.

నోటి కాల్ వేరే లోకం. గుర్రపు నాడా ఆకారం చట్రం, అందులో సాగదీసిన పల్చటి లేటెక్స్ పొరలు, చుట్టూ టేపు. అంగిలికి ఆనించి, నాలుకతో అదిమి, పొరకీ నాలుకకీ మధ్యనుంచి గాలి పంపాలి. బుగ్గల గాలి కాదు, పొట్ట లోపలినుంచి 'హఫ్' అని తోసే గాలి. మొదట గాలి మాత్రమే వస్తుంది, తర్వాత ఈల, ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు కూత. నాలుక ఒత్తిడి ఎక్కువగా మొదలుపెట్టి, దవడ దించుతూ వదిలితే కీ నుంచి యక్‌లోకి జారుతుంది. టేపు అంగిలికి పెద్దదైతే అంచులు కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించుకోవచ్చు, చట్రం తగలనంతవరకే. లాభం ఏంటంటే రెండు చేతులూ ఖాళీ, ఒళ్లు కదలదు, వాన పడినా పలుకుతుంది. అక్కడి అడవిలో పుంజు కనుచూపు మేరలోకి వచ్చాక చెయ్యి కదిపితే అంతే సంగతి, అందుకే అనుభవం ఉన్నవాళ్లంతా చివరి అంకానికి దీన్నే నమ్ముకుంటారు.

ఒకటే సమస్య, లేటెక్స్‌కి ఎండ పడదు. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద ఉండిపోయిన ఒకదాని పొరలు అతుక్కుపోయి పనికి రాకుండా పోయాయి. వాడాక మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, పొరల మధ్య టూత్‌పిక్ దూర్చి, డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లు అసలు కొనకండి. చిన్నపిల్లలకి అందనివ్వకండి, గొంతులో పోయే సైజు.

మరి నా పుంజులు ఏమన్నాయి? పెద్ద పుంజు ఒకటుంది మా దగ్గర. గోడ చాటున పలక మీద నాలుగు యెల్పులు వాయించి ఆపితే, ముందు మేత మానేస్తుంది. ముక్కు మీద వేలాడే కండ, మామూలప్పుడు చిన్న కొమ్ములా ఉండేది, చూస్తుండగానే సాగి ముక్కు దాటి కిందకి జారుతుంది. తల తెల్లబడుతుంది, మెడ ఎర్రబడుతుంది, రెక్కలు నేలకి రాస్తూ తోక విసనకర్రలా విప్పి, లోపలెక్కడో 'డూమ్' అని మోగిస్తుంది. నోరు తెరిచి గొబ్బొబ్బొబ్బొ అని అరిచేది ఆ తర్వాత. నిజం పెట్ట పిలిచినా ఇదే వరస. పలక కాల్‌కి ఇది దాదాపు ప్రతిసారీ జరిగింది, పెట్టెకి పొడి రోజుల్లో జరిగింది, నోటి కాల్‌కి నా చేయి తిరగడానికి, అంటే నాలుక తిరగడానికి, చాలా కాలం పట్టింది. ఉత్త అరుపుని మాత్రం లెక్కలో వేసుకోవద్దు. గుణుపురం రైలు కూత వేసినా, కుక్కర్ విజిల్ వేసినా పుంజులు ఉలిక్కిపడి అరుస్తాయి. అమెరికాలో వేటగాళ్లు గుడ్లగూబ కూత, కాకి కూత వాడి పుంజు ఎక్కడుందో ఇలాగే కనిపెడతారు. అరిచిందంటే నమ్మినట్టు కాదు, రెక్కలు వాల్చిందంటే నమ్మినట్టు.

ఇంకోటి నేర్చుకున్నా, ఆపడం. ప్రకృతిలో పుంజు పిలిస్తే పెట్ట వెళ్తుంది, మనం దాన్ని తిరగేసి పుంజుని రమ్మంటున్నాం. ఆపకుండా పిలుస్తూ ఉంటే ఎలాగూ పెట్టే వస్తోంది కదా అని పుంజు ఉన్నచోటే నిలబడి తోక విప్పుకుంటుంది. నాలుగు కూతలు కూసి ఊరుకోండి. మా పుంజు నేను ఊరుకున్నాకే కంచె దాకా నడిచొచ్చింది.

వీడియోలు, ఫోన్ యాప్‌లు వినడానికి మంచివే, కానీ వాటిలో ఎంపిక చేసిన చక్కటి కూతలుంటాయి, తడబాట్లు ఉండవు. దగ్గర్లో టర్కీ ఫారం ఉంటే తెల్లారగట్ల వెళ్లి ఒక గంట కూర్చోండి. మీరు వాయించేది ముప్పై నలభై అడుగుల దూరంలో ఫోన్ పెట్టి రికార్డు చేసుకుని వినండి, చెవి పక్కన బాగున్నది దూరానికి వేరేగా వినిపిస్తుంది.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. ఇవన్నీ ఇక్కడ వేటకి కాదు. మన దేశంలో అడవి టర్కీ లేనేలేదు, ఉన్న అడవి పక్షుల్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది. చంపడమే కాదు, వల, ఉచ్చు, ఎర, తోలడం, చివరికి ఆ ప్రయత్నం కూడా ఆ చట్టంలో వేట కిందకే వస్తాయి. కముజు పిట్టని పంజరంలో పెట్టి దాని కూతతో ఇంకో కముజుని పట్టే అలవాటు మన వైపు ఉంది, దయచేసి ఈ విద్యని అటు తిప్పకండి. మన కొండల్లో మిగిలినవే తక్కువ. గుడ్లు పెట్టే కాలంలో సరదాకి పిలిచినా పిట్ట గూడు వదిలి వస్తుంది.

అమెరికాలో ఉండి నిజంగా వెళ్లాలనుకునే మనవాళ్లకి: మిస్సోరీలో అయితే పదహారేళ్లు నిండి, 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ సర్టిఫికెట్ చూపించాలి. వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ విషయంలో కేంద్ర చట్టం నిబంధనలు వేరు, ముందే తెలుసుకోండి. రికార్డు చేసిన కూతలు వాయించే ఎలక్ట్రానిక్ పరికరాలు చాలా రాష్ట్రాల్లో టర్కీ వేటకి నిషేధం. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోకండి, అవి పుంజు తల రంగులు, ఇంకో వేటగాడు మిమ్మల్నే పుంజు అనుకోవచ్చు. మీ భుజాలకన్నా వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి. పొదల వెనక పెట్ట కూత వినపడితే పాకుతూ దాని దగ్గరికి పోకండి, అది మీలాంటి ఇంకో మనిషి అయుండొచ్చు. ఎంత బాగా నేర్చుకుంటే అంత ప్రమాదం ఇందులో ఉంది, మా తమ్ముడికి ఫోన్ చేసినప్పుడల్లా ఇదే చెప్తుంటాను.

ధరల సంగతి. అక్కడ మామూలు పాట్ కాల్ పాతిక ముప్పై డాలర్లలో దొరుకుతుంది, పెట్టె కూడా దాదాపు అక్కడినుంచే మొదలై చేతిపని అయితే ఎక్కడికో పోతుంది, నోటివి పది డాలర్ల లోపు, అటూఇటూ. పలకకి అయిదులో నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది వెంట వచ్చిన పుల్లకి. పెట్టెకి ఇక్కడ రెండున్నర, పొడి ఊళ్లో ఉంటే నాలుగు. నోటి కాల్‌కి మూడున్నర, కొనేవాళ్లు మూడు నాలుగు పొరలది కాకుండా ఒకటో రెండో పొరలున్నదానితో మొదలుపెట్టండి, తక్కువ గాలికే పలుకుతుంది. వచ్చే ప్రయాణంలో తమ్ముణ్ణి గ్లాసు పలకది, దాంతోపాటు తడిలో కూడా పట్టు ఇచ్చే కార్బన్ పుల్ల తెమ్మన్నాను, వానాకాలానికి ఆ జోడీ సరిపోతుందనుకుంటున్నా. అవి వచ్చి ఒక జూలై గడిచాక వాటి సంగతి కూడా రాస్తాను.